పది వేల రూపాయల సందు

2024 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) సన్న మోడల్ మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు రెండు రకాల పెట్టెలు పెట్టారు. ఒకదాని ధర 54,990 రూపాయలు, రెండోదానిది 44,990. లోపలి ప్రాసెసర్ ఒకటే, మెమరీ ఒకటే, ఆడే ఆటలూ అవే. తేడా అంతా పక్కనున్న ఒక సన్నటి సందులో ఉంది. ఖరీదైనదానికి డిస్కు దూర్చే చోటుంది, చవకదానికి లేదు.

అంటే డిస్కు డ్రైవు ఖరీదు పది వేలా? అలా అనుకున్నవాళ్లు అమెరికా ధరలు చూస్తే మరింత తికమక పడతారు. 2020 నవంబరులో పీఎస్5 తొలిసారి వచ్చినప్పుడు అక్కడ డ్రైవున్నది 499 డాలర్లు, లేనిది 399. తేడా వంద. 2023లో సన్న మోడల్ వచ్చేసరికి డ్రైవు లేనిది 449కి పెరిగింది, ఉన్నది 499 దగ్గరే ఆగింది. తేడా యాభై. డ్రైవును విడిగా కొని తగిలించుకుంటామంటే 80. వస్తువు ఒకటి, ధరలు మూడు. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోకు 699 డాలర్లు పోసినా డ్రైవు రాలేదు, కావాలంటే ఆ 80 మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఈ తికమక కొత్తది కాదు. ముప్పై ఏళ్లుగా ప్రతి తరం గేమ్ కన్సోల్‌కూ డిస్కు దగ్గరే లెక్క చిక్కుబడుతోంది. డ్రైవు ఖర్చు ఎలాగూ మాయం కాదు. కొనేవాడో, పెట్టె తయారుచేసినవాడో, ఆటలు అమ్మేవాడో, ఎవరో ఒకరు మోయాలి. ఏ డిస్కు పెట్టాలని కంపెనీ తేల్చుకోవడమంటే ఆ బరువు ఎవరి నెత్తిన, ఎప్పుడు పడాలో తేల్చుకోవడమే.

సాళ్లు దగ్గరైతే గుంటక సన్నబడాలి

సీడీ, డీవీడీ, బ్లూ-రే మూడింటినీ చేతిలోకి తీసుకుంటే కొలత ఒకటే. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం, నడుమ వేలు పట్టే బెజ్జం. అయినా సీడీలో 700 మెగాబైట్లు పడితే డీవీడీలో ఒక పొరకు 4.7 జీబీ, బ్లూ-రేలో ఒక పొరకు 25 జీబీ పడతాయి. చేను అంతే ఉంది, దిగుబడి ముప్పై అయిదు రెట్లయింది.

అనంతపురం సీమలో గోరంట్ల చుట్టుపక్కల వేరుశనగ వేసే రైతుకు ఇది ఎలా సాధ్యమో చెప్పక్కర్లేదు. గొర్రుతో విత్తేటప్పుడు సాళ్లు దగ్గరగా వేస్తే అదే చేనులో ఎక్కువ సాళ్లు పడతాయి. కాకపోతే కలుపు కోసం సాళ్ల నడుమ తోలే గుంటక కూడా అంత సన్నగా ఉండాలి. పాత గుంటకే తోలితే పక్క సాలులోని చెట్లు లేచి వస్తాయి. డిస్కులో ఉన్నది లోపలి నుంచి బయటికి చుట్టలా సాగే ఒకే సాలు. దాని పొడవునా కంటికి కనపడని చిన్న చిన్న గుంటలు, వాటి మధ్య చదును. ఆటలోని బొమ్మ, శబ్దం, మాట అన్నీ ఆ గుంటా చదునుల వరసే. సీడీలో ఒక చుట్టుకూ దాని పక్క చుట్టుకూ నడుమ 1.6 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాను. డీవీడీలో ఆ ఎడం 0.74కు, బ్లూ-రేలో 0.32కు తగ్గింది. సీడీలోని చుట్టను విప్పి నేల మీద పరిస్తే సుమారు 5 కిలోమీటర్లు వస్తుంది. బ్లూ-రే ఒక పొరది 27 కిలోమీటర్లు.

ఆ సాలు వెంట నడిచే గుంటక లేజర్ కాంతి. కటకం పెట్టి కాంతిని ఎంత కుదించినా ఆ చుక్క ఒక హద్దు దాటి చిన్నది కాదు. ఆ హద్దును రెండు సంగతులు తేలుస్తాయి. ఒకటి కాంతి రంగు: తరంగం ఎంత పొట్టిదైతే చుక్క అంత చిన్నది. రెండోది కటకం: కాంతిని ఎంత ఏటవాలుగా లోపలికి వంచగలిగితే చుక్క అంత చిన్నది. సీడీ 780 నానోమీటర్ల పరారుణ కాంతితో నడిచింది, డీవీడీ 650 నానోమీటర్ల ఎరుపుతో, బ్లూ-రే 405 నానోమీటర్ల నీలి ఊదాతో. కటకాలూ తరానికి తరం బలపడ్డాయి. ఈ రెండూ కలిసి సీడీ నాటి చుక్క విస్తీర్ణాన్ని బ్లూ-రే వచ్చేసరికి సుమారు పదమూడో వంతుకు తెచ్చాయి. దిగుబడి ముప్పై అయిదు రెట్లు పెరగడానికి మిగతా సాయం, గుర్తులను మరింత కుదించి రాసే, తప్పు చదివితే సరిదిద్దుకునే లెక్కలు చేశాయి.

అసలు ఖర్చు ఇక్కడే మొదలవుతుంది. డిస్కంటే అచ్చులో పోసిన పాలికార్బనేట్ ప్లాస్టిక్కు, దాని మీద సన్నటి లోహపు పూత. అచ్చు ఒకసారి తయారైతే ముద్ర వేసినట్టు వేలకు వేలు తీయవచ్చు. 2007లో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది గుర్తుందా? తెలుగు సినిమాలూ అలా కొన్నవాళ్లే మనమంతా. ప్లాస్టిక్కు, పూత, ముద్ర, డబ్బా, దుకాణదారు లాభం, సినిమా హక్కుల రుసుము అన్నీ కలిపినా 34 రూపాయల్లో సరిపోయాయి.

డ్రైవు అలా చవకబడదు. అందులో తిరిగే మోటారుంది, లేజర్‌ను లోపలికీ బయటికీ జరిపే పట్టాలున్నాయి, సన్న తీగల మీద వేలాడే కటకముంది. డిస్కు ఎంత బాగా చేసినా తిరిగేటప్పుడు పైకీ కిందకీ ఊగుతుంది. ఆ ఊపుకు తగ్గట్టు కటకం సెకనుకు ఎన్నోసార్లు లేచి దిగుతూ చుక్కను సాలు మీద నిలపాలి. చిప్పులైతే ఏటేటా చిన్నవై చవకబడతాయి. మోటారు, పట్టాలు, స్ప్రింగులు ఒక స్థాయి దాకా తగ్గి అక్కడ ఆగిపోతాయి. కన్సోల్ ఆరేడేళ్లు అమ్మాల్సిన వస్తువు. మిగతా భాగాలన్నీ దిగుతూ పోతుంటే డ్రైవు దిగకుండా కూర్చుంటుంది. ఒకే డ్రైవు పాత డిస్కులనూ చదవాలంటే ప్రతి తరానికీ ఒక లేజర్ చొప్పున పెట్టాలి. పీఎస్3 పాటల సీడీని పాడేది. పీఎస్4, పీఎస్5 పాడవు. బ్లూ-రేకూ డీవీడీకీ కావలసిన కాంతులుంటే చాలు, సీడీ కాంతి అక్కర్లేదని తేల్చుకున్నారు.

బాక్సు: దుమ్ము లెక్క

అనంతపురం పీఠభూమిలో గాలికీ దుమ్ముకీ కొదవ లేదు. డీవీడీ ప్లేయర్లు జోరుగా నడిచిన రోజుల్లో రిపేరు షాపుకు వచ్చే సగం ఫిర్యాదులు ఒకటే: "అన్నా, నిన్నటిదాకా బాగా ఆడ్తాండె, ఈ పొద్దు నో డిస్క్ అంటాంది." మెకానిక్ మూత తీసి, పుల్లకు చుట్టిన దూదిని స్పిరిట్‌లో ముంచి కటకాన్ని ఒక్కసారి తుడిస్తే చాలాసార్లు పని అయిపోయేది.

దుమ్ము పడ్డది కటకం మీద కాక డిస్కు మీదైతే? లేజర్ చదివేది డిస్కు పైతలాన్ని కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్ కింద ఉన్న పొరను. సీడీలో ఆ ప్లాస్టిక్ మందం 1.2 మిల్లీమీటర్లు. కాంతి పైతలం దగ్గర ఇంకా కుదించుకోదు, దాదాపు ముప్పాతిక మిల్లీమీటరు వెడల్పున పరుచుకుని ఉంటుంది. పదో వంతు మిల్లీమీటరు ధూళి కణం అందులో చిన్న నీడే. డీవీడీలో పొర 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరే. అక్కడ పైతలం దగ్గర కాంతి వెడల్పు సుమారు 0.14 మిల్లీమీటర్లు. అదే కణం దారిలో చాలా భాగాన్ని మూసేస్తుంది.

పొరను అంత పైకి తేవడానికి కారణం బలమైన కటకం. కాంతి ఎంత ఏటవాలుగా దిగితే, డిస్కు కాస్త వాలినప్పుడు ప్లాస్టిక్ మందం చుక్కను అంతగా చెదరగొడుతుంది. అందుకే మందం తగ్గించారు, తగ్గించినందుకు గీతలు పడని గట్టి పూత వేయాల్సి వచ్చింది. ఒక చోట పొదుపు చేస్తే మరో చోట ఖర్చు తేలడం ఈ కథంతటా కనబడుతుంది.

చవక డిస్కు చేసిన రాజకీయం

1996లో నింటెండో తన ఎన్64 కన్సోల్‌కు డిస్కు వద్దని, పాత పద్ధతిలో చిప్పులున్న క్యాట్రిడ్జే మేలని తేల్చింది. పెట్టె కోణంలో అది తెలివైన పని. డ్రైవు లేదు, మోటారు లేదు, డిస్కు తిరిగేదాకా ఎదురుచూపులు లేవు. బరువు మాత్రం ఆటలు తయారుచేసే కంపెనీల మీద పడింది. క్యాట్రిడ్జి లోపలిది చిప్పు కాబట్టి ఒక్కొక్కటీ సీడీ కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ఆర్డరు ముందే ఇవ్వాలి, అమ్ముడుపోకపోతే గోదాములో ఉండిపోయిందంతా నష్టమే. సీడీ అయితే కొద్ది రోజుల్లో ముద్రించి తెచ్చుకోవచ్చు. పైగా ఎన్64 క్యాట్రిడ్జిలో ఎక్కువలో ఎక్కువ 64 మెగాబైట్లు, సీడీలో పది రెట్లు. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 మూడు సీడీల ఆటగా ప్లేస్టేషన్ మీద వచ్చింది. అంతకు ముందు ఆ వరస ఆటలన్నీ నింటెండో కన్సోళ్ల మీదే మొదలయ్యాయి. పెట్టెలో మిగిలిన డబ్బు ఆటల్లో పోయిందన్నమాట.

సెగా ఇంకో దారి పట్టింది. 1998 నాటి డ్రీమ్‌కాస్ట్‌కు డీవీడీ ఖరీదెక్కువని, సీడీ సాంకేతికతనే సాగదీసి 1 జీబీ పట్టే సొంత డిస్కు జీడీ-రామ్ చేయించుకుంది. నకళ్లు ఆపడం ఇంకో ఉద్దేశం. తీరా చూస్తే పెట్టె పాటల సీడీల కోసం వదిలిన ఒక కిటికీ గుండా మామూలు సీడీ మీద రాసిన దొంగ ఆటలూ నడిచాయి. 2001 మార్చికి సెగా తయారీ ఆపేసింది. ఓటమికి ఇదొక్కటే కారణం కాకపోయినా, 2000 మార్చిలో జపాన్‌లో దిగిన పీఎస్2 డీవీడీ సినిమాలు కూడా ఆడించగలగడం సెగాకు పెద్ద దెబ్బ. అప్పట్లో విడి డీవీడీ ప్లేయరే ఖరీదైన వస్తువు. పిల్లలకు ఆట, పెద్దలకు సినిమా అనగానే ఇంట్లో బేరం తేలిగ్గా కుదిరింది. డీవీడీ డ్రైవు ఖర్చును సోనీ ఆటల ఖాతాలోంచి తీసి ఇంటి సినిమాల ఖాతాలోకి మార్చిందని నాకనిపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ 2001 నవంబరులో తెచ్చిన తొలి ఎక్స్‌బాక్స్ ఇంకా గడుసుది. డ్రైవు డీవీడీదే, సినిమా మాత్రం ఊరికే ఆడదు. 30 డాలర్లు పెట్టి విడిగా రిమోట్ కిట్ కొనాలి. డీవీడీ సినిమా ఆడించే ప్రతి యంత్రానికీ పేటెంటు హక్కుదారులకు రుసుము కట్టాలి కదా, సినిమా చూసేవాడి దగ్గరే ఆ రుసుము వసూలు చేశారు. నింటెండో గేమ్‌క్యూబ్ అసలు సినిమా జోలికే పోలేదు. 8 సెంటీమీటర్ల బుల్లి డిస్కు, 1.5 జీబీ, పెట్టె ధర 199 డాలర్లు.

నీలి కాంతి కరువు

డిస్కు ఎంపిక కంపెనీని ఎంత దూరం ఈడ్చుకుపోగలదో చూడాలంటే, సోనీ బ్లూ-రే డ్రైవు పెట్టిన పీఎస్3 దగ్గర ఆగాలి.

నీలి కాంతిని ఇచ్చే డయోడ్‌ను మామూలు అర్ధవాహకాలతో చేయలేరు. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని లోపాల్లేకుండా పెంచడం దశాబ్దాల పాటు ఎవరికీ లొంగలేదు. జపాన్‌లో నిచియా అనే చిన్న కంపెనీలో షుజీ నకమురా 1990ల్లో ముందు నీలి ఎల్ఈడీని, తరవాత లేజర్‌ను సాధించాడు. ఎల్ఈడీ పనికి 2014లో ఆయనకూ, ఇసాము అకసాకికీ, హిరోషి అమానోకూ నోబెల్ వచ్చింది. ప్రయోగశాలలో వెలగడం వేరు, నెలకు లక్షలు తయారవడం వేరు. తయారైన డయోడ్లలో పనికొచ్చేవి తక్కువ, పారేసేవి ఎక్కువగా ఉన్న దశలోనే సోనీ దాన్ని కన్సోల్‌లో పెడతానంది.

ఫలితం 2006లో కనబడింది. డయోడ్లు సరిపడా రాక ఐరోపా విడుదలను 2007 మార్చికి వాయిదా వేశారు. అమెరికాలో ధరలు 499, 599 డాలర్లు. ఐసప్లై అనే పరిశీలన సంస్థ పెట్టె విప్పి లెక్కేసి, ఖరీదైన మోడల్ విడిభాగాలు, కూర్పు కలిపి సుమారు 840 డాలర్లని తేల్చింది. అందులో బ్లూ-రే డ్రైవు ఒక్కటే 125. అంటే 599కి అమ్మిన ప్రతి పెట్టె మీదా సోనీకి 240 డాలర్లు చేతి నుంచి పడ్డాయి. 2006-07 ఆర్థిక సంవత్సరంలో ఆటల విభాగం నష్టం 23,200 కోట్ల యెన్లు దాటింది. మన దేశంలో పీఎస్3 2007 ఏప్రిల్‌లో 39,990 రూపాయలకు దిగింది.

పోటీ వైపు తొషీబా హెచ్‌డీ డీవీడీని నిలబెట్టింది. అదే నీలి లేజరే, కానీ పొరను డీవీడీ లాగే 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంచారు. సాధారణ కటకం, పొరకు 15 జీబీ మాత్రమే. పాత డీవీడీ ఫ్యాక్టరీలు కాస్త సర్దుకుంటే ఆ డిస్కులు ముద్రించవచ్చు, బ్లూ-రేకు కొత్త యంత్రాలు దింపాలి. నా మటుకు నాకు ఇంజినీరింగ్ పొదుపు ప్రకారం హెచ్‌డీ డీవీడీది మంచి వాదన. మైక్రోసాఫ్ట్ దాన్ని ఎక్స్‌బాక్స్ 360లో పెట్టకుండా 199 డాలర్ల విడి డ్రైవుగా అమ్మింది. కావాల్సినవాడే కొంటాడు, పెట్టె చవగ్గా ఉంటుంది. కానీ సోనీ ప్రతి పీఎస్3లోనూ బలవంతంగా పెట్టింది కాబట్టి, ఆటల కోసం కొన్న లక్షల ఇళ్లలోకి బ్లూ-రే తనంత తానే చేరింది. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు తిరిగింది, ఫిబ్రవరి 19న తొషీబా పోటీ విరమించింది. సోనీ ఆటల లాభాన్ని పెట్టుబడిగా పెట్టి సినిమా డిస్కు యుద్ధం గెలిచింది. గెలిచిన డిస్కు మీద జనం సినిమాలు కొనే కాలం ఎక్కువ రోజులు నిలవకపోవడం వేరే సంగతి.

హైదరాబాద్ ఆటలు పాత డిస్కు మీదే ఎందుకు వచ్చాయి

2009లో సోనీ మన దేశం కోసం విడుదల చేసిన "హనుమాన్: బాయ్ వారియర్" ఆటను హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసింది. పూర్తిగా భారత్‌లోనే రూపుదిద్దుకున్న తొలి ప్లేస్టేషన్ ఆటగా దాన్ని ప్రచారం చేశారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర "దేశీ అడ్డా" చేసింది, అందులో కబడ్డీ, గోళీలు, బిళ్లంగోడు లాంటి మన వీధి ఆటలు. హనుమాన్ వచ్చింది పీఎస్2 మీద. దేశీ అడ్డాకూ పీఎస్2 రూపం ఉంది. అప్పటికి పీఎస్3 వచ్చి మూడేళ్లవుతోంది. మనవాళ్లు వెనకబడి పాత యంత్రానికి చేశారని అప్పట్లో కొందరు వెక్కిరించారు కూడా.

డ్రైవు లెక్క తెలిస్తే అందులో వెనకబాటేమీ కనబడదు. డీవీడీ డ్రైవులు కంప్యూటర్లలోకీ, ఇంటింటి ప్లేయర్లలోకీ కోట్ల సంఖ్యలో పోతూ ధర అడుగంటింది. అమెరికాలో 299తో మొదలైన పీఎస్2 ఆ ఏడాది ఏప్రిల్‌కు 99 డాలర్లు. మన దగ్గరా పీఎస్3తో పోలిస్తే చాలా చవక, అందుకే ఇళ్లలో ఎక్కువగా ఉన్నది అదే. తయారీ 2013 దాకా సాగింది. తెలుగు నేల మీద పుట్టిన ఆటకు కొనేవాళ్లు ఎక్కడుంటే అక్కడికే వెళ్లాలి.

పాలసముద్రం దాకా వచ్చే లెక్క

గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ నాసిన్ ఉంది. 2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ ఆ ప్రాంగణాన్ని ప్రారంభించారు. అక్కడి తరగతుల్లో నేర్పే వస్తు వర్గీకరణ మన కథకు దగ్గరి చుట్టం. కన్సోళ్లు బొమ్మలు, ఆటల అధ్యాయంలో 9504 శీర్షిక కిందకి వస్తాయి, కంప్యూటర్లు 8471 కిందకి. ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఉన్న యంత్రం ఏ గదిలో పడిందన్న దాన్ని బట్టి సుంకం మారిపోతుంది. 2000లో ఐరోపాలో పీఎస్2 అమ్మినప్పుడు సోనీ దాంతో ఇచ్చిన డిస్కులో యాబేసిక్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష పెట్టింది. ఇది ఆటవస్తువు కాదు, కంప్యూటర్ అనిపించుకోవడానికేనని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. పన్ను కోసం ముద్రించిన డిస్కు!

మన దేశంలో 2018 బడ్జెట్ 9504 శీర్షిక మీద సుంకాన్ని 10 నుంచి 20 శాతానికి పెంచింది. అదే ఏడాది డిసెంబరులో జీఎస్టీ మండలి వీడియో గేమ్ కన్సోళ్ల పన్నును 28 నుంచి 18కి దించింది. ఆ రేట్లతో ఒక ఉదాహరణ వేద్దాం. కన్సోల్ లోపల డ్రైవు వల్ల ధర వెయ్యి రూపాయలు పెరిగిందనుకోండి. సుంకం 200, సుంకం మీద పదో వంతు సర్‌చార్జి 20, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. రేవు దాటేసరికి ఆ వెయ్యి సుమారు 1,440 అవుతుంది, దుకాణదారు లాభం ఇంకా కలవనే లేదు. ఫ్యాక్టరీలో పెట్టే ప్రతి స్క్రూ ఖర్చూ హిందూపురం బజారుకు చేరేలోపు ఒకటిన్నర రెట్లకు దగ్గరవుతుంది. ధర పట్టి పట్టి చూసే చోట డ్రైవు తీసేసిన పెట్టె ఎక్కువ ఆకట్టుకునేది అందుకే.

సందు మూస్తే లాభం ఎవరికి

అమెరికాలో విడి డ్రైవే 80 డాలర్లని పైన చూశాం కాబట్టి, డ్రైవు తీసేస్తే కంపెనీకి పది వేలు మిగులుతాయనుకోలేం. అయినా కంపెనీ పది వేలు తగ్గించడానికి ఒప్పుకుందంటే ఆ డబ్బు వేరే దారిన వస్తుందనే. సందు లేని పెట్టెకు ఆటలు కొనాలంటే కంపెనీ ఆన్‌లైన్ కొట్టు ఒక్కటే దిక్కు. అక్కడ అమ్మకంలో సుమారు 30 శాతం కంపెనీ వాటా. డిస్కు మీద కూడా దానికి రాయల్టీ వస్తుంది, కానీ పంపిణీదారుకూ దుకాణదారుకూ పోయే వాటా చేజారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆడేసిన డిస్కును ఒకడు ఇంకొకడికి అమ్మితే కంపెనీకి పైసా రాదు.

2013లో ఎక్స్‌బాక్స్ వన్ కోసం మైక్రోసాఫ్ట్ ఈ చేతులు మారడాన్నే కట్టడి చేయబోయింది. రోజుకోసారి నెట్‌కు తగిలించాలని, పాత డిస్కుల అమ్మకానికి షరతులని చెప్పగానే జనం మండిపడ్డారు, జూన్‌లోనే వెనక్కి తగ్గింది. నిషేధంతో కానిది తగ్గింపు ధరతో అయింది. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల ఆ కంపెనీ పగ్గాలు అందుకున్నారు. నాదెళ్ల హయాంలోనే 2017లో నెలవారీ చందా గేమ్ పాస్, 2019లో యాభై డాలర్లు తక్కువకు డ్రైవు లేని ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, 2020లో అసలు డ్రైవే లేని సిరీస్ ఎస్ వరసగా వచ్చాయి. 2020లో మన దగ్గర సిరీస్ ఎస్ 34,990కు, డ్రైవున్న సిరీస్ ఎక్స్ 49,990కు దిగాయి.

కొనేవాడి వైపు నుంచి చూస్తే గోరంట్ల లాంటి ఊళ్లో లెక్క నగరంలో లాగా ఉండదు. ఇప్పటి పెద్ద ఆట ఒక్కొక్కటి 100 జీబీ దాకా తూగుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్ మీద దింపాలంటే యాభై రోజులు. ఇంటికి ఫైబర్ ఉండి సెకనుకు 50 మెగాబిట్లు నిలకడగా వస్తే నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. డిస్కు కొన్నా తరవాతి మార్పుల కోసం కొంత దింపక తప్పదు గానీ, సగానికి పైగా భారం డిస్కే మోస్తుంది. ఇక అమ్మకం. కొత్త ఆట 4,999 అనుకుందాం, ఆడేశాక 2,000కు పోయిందనుకుందాం. అయిదు ఆటలు అలా తిప్పితే డ్రైవు కోసం ఎక్కువ పెట్టిన పది వేలూ వెనక్కి వచ్చినట్టే. ఏడాదికి ఒకటో రెండో ఆటలు కొనేవాడికి, లేదా చందా ఆటలతో సరిపెట్టుకునేవాడికి డ్రైవు దండగ. నెట్ బాగుండి, ఇంట్లో ముగ్గురు నలుగురు ఒకే ఖాతాలో ఆడుకునే చోట కూడా అంతే. మిగతావాళ్లకు, ముఖ్యంగా స్నేహితులు డిస్కులు మార్చుకునే ఊళ్లలో, ఖరీదైన పెట్టే చవక.

డిస్కు తాళంచెవిగా మారిన వైనం

డ్రైవు ఉన్న కన్సోల్‌లో కూడా ఆట ఇవాళ డిస్కు మీంచి నడవదు. ముందు మొత్తం లోపలి నిల్వలోకి ఎక్కించుకోవాలి. ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. తొలి ప్లేస్టేషన్ ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు, సీడీ సెకనుకు 300 కిలోబైట్లు చదివేది. మెమరీ నిండడానికి ఏడు సెకన్లు. పీఎస్2లో 32 మెగాబైట్లను డీవీడీ ఆరు సెకన్లలో నింపేది. పీఎస్3 ప్రధాన మెమరీ 256 మెగాబైట్లు, బ్లూ-రే వేగం సెకనుకు 9, దాదాపు అర నిమిషం. పీఎస్4లో 8 జీబీ, డ్రైవు ఎంత ఉరికినా సెకనుకు 27 మెగాబైట్లు. అంటే అయిదు నిమిషాలు. తలుపు తీసిన ప్రతిసారీ అయిదు నిమిషాలు ఆగే ఆటను ఎవరు ఆడతారు?

మెమరీ వేల రెట్లు పెరిగింది, డిస్కు తిరిగే వేగం ఆ తీరున పెరగలేదు. ఒక హద్దు దాటి తిప్పితే చప్పుడు, ఊపు, చివరికి ప్లాస్టిక్ పగిలిపోయే ప్రమాదం. అందుకే డిస్కు చవగ్గా ఉన్నందుకు పక్కన హార్డ్ డిస్కు, తరవాత ఎస్ఎస్‌డీ కొనిపెట్టాల్సి వచ్చింది. పీఎస్5లోని ఎస్ఎస్‌డీ 100 జీబీని ఇరవై సెకన్ల లోపే చదివేయగలదు. పెట్టెలో ఆ నిల్వ తప్పనిసరి అయ్యాక డిస్కు పని రెండే: ఆటను ఇంటికి మోసుకురావడం, ఇది నీదేనని సాక్ష్యం చెప్పడం. పీఎస్5 సన్న మోడల్‌కు విడిగా తగిలించే డ్రైవును కూడా మొదటిసారి నెట్ ద్వారా ఆ పెట్టెతో జతచేస్తేనే పనిచేస్తుంది.

నింటెండో 2025 జూన్‌లో తెచ్చిన స్విచ్ 2లో ఈ ధోరణి చివరి మెట్టుకు చేరింది. దాని ఆటల్లో కొన్ని "గేమ్ కీ కార్డు"గా వస్తున్నాయి. కార్డులో ఆట ఉండదు, దింపుకునే అనుమతి మాత్రమే ఉంటుంది. 64 జీబీ చిప్పున్న కార్డు ఖరీదు భరించలేని ప్రచురణకర్తలకు ఇది వెసులుబాటు. ఎన్64 నాటి బరువే మళ్లీ వాళ్ల నెత్తిన పడబోతే, ఈసారి దాన్ని కొనేవాడి నెట్ బిల్లు మీదకు జరిపారు. కార్డును ఇంకొకడికి అమ్ముకోవచ్చు గనుక డౌన్‌లోడ్ కన్నా ఒక ఆకు ఎక్కువే.

వచ్చే తరం పెట్టెల సంగతి

ఇంతకాలం ప్రతి తరంలోనూ కంపెనీల ముందు కొత్త డిస్కు ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. ఇళ్లకు చేరిన వాటిలో ఆఖరిది 2016 నాటి అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే, మూడు పొరలు, 100 జీబీ. సోనీ, పానసోనిక్ కలిసి 2014లో ప్రకటించిన 300 జీబీ ఆర్కైవల్ డిస్కు సంస్థల దస్తావేజుల నిల్వకే పరిమితమైంది. కాంతిని నీలి ఊదా కన్నా పొట్టి తరంగాల వైపు జరిపితే ప్లాస్టిక్కే దాన్ని మింగడం మొదలుపెడుతుంది, కాబట్టి పాత దారిలో ఇంకో మెట్టు ఎక్కడం తేలిక కాదు.

మరి ఉన్న డ్రైవైనా చవకబడుతుందా? డీవీడీ డ్రైవు చవకైంది కన్సోళ్ల వల్ల కాదు, వాటితోపాటు కంప్యూటర్లూ, ప్లేయర్లూ అదే డ్రైవును కోట్లలో కొన్నందువల్ల. ఇప్పుడు లాప్‌టాప్‌లలో డ్రైవు కనబడదు. 2019లో శామ్‌సంగ్ అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూ-రే ప్లేయర్లు చేయనంది. 2025 ఫిబ్రవరిలో సోనీ ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీ ఆపింది. కొనేవాళ్లు తగ్గేకొద్దీ ఆ మోటారు, కటకం, నీలి డయోడ్ చేసే ఫ్యాక్టరీల ఖర్చంతా కన్సోళ్ల మీదే పడుతుంది. పెట్టెలోంచి డ్రైవును తీసి విడి సరుకుగా అమ్మడం మొదలుపెట్టాక, కొనేవాళ్ల సంఖ్య ఇంకా తగ్గుతుంది. 80 డాలర్ల డ్రైవు రేపు 60కి దిగుతుందని ఎదురుచూడటం కన్నా, వంద కావచ్చని లెక్కేసుకోవడమే నయం.